మెయిజీ జపాన్: స్త్రీల జుట్టు, స్త్రీల శ్రమ

1871లో జపాన్ ప్రభుత్వం మగవాళ్లకి ఒక వెసులుబాటు ఇచ్చింది. సంప్రదాయపు ముడి తీసేసి జుట్టు కత్తిరించుకోవచ్చంది. పొట్టి జుట్టు నాగరికతకి గుర్తయింది. ఆ మాట నమ్మి కొందరు ఆడవాళ్లు కూడా కత్తెర పట్టారు. వెంటనే, 1872లో, టోక్యో పాలకులు స్త్రీలు జుట్టు కత్తిరించుకోవడాన్ని నిషేధించారు. ఆ మరుసటి ఏడాది చక్రవర్తి మాత్రం తన ముడి తీయించుకున్నాడు. మగవాడి తల మారితే ప్రగతి, ఆడదాని తల మారితే నేరం. ఈ రెండు ఉత్తర్వులు పక్కపక్కన చదివినప్పుడు నేను చాలాసేపు అక్కడే ఆగిపోయాను.

స్కూల్లో మనం చదివిన జపాన్ వేరు. 1868లో మెయిజీ పాలన మొదలైంది, రైళ్లూ ఫ్యాక్టరీలూ వచ్చాయి, 1905లో రష్యా ఓడిపోయింది. ఆసియా గెలిచిందని మన దేశంలోనూ పొంగిపోయారు. ఆ యంత్రాలు కొనడానికి డబ్బెక్కడిదని ఎవరూ అడగలేదు. అందులో పెద్ద వాటా పట్టుది. 1909 నాటికి ముడిపట్టు ఎగుమతిలో జపాన్ చైనాని దాటేసింది. మరుగుతున్న నీళ్లలో వేళ్లు ముంచి ఆ దారం తీసింది దాదాపు అందరూ ఆడపిల్లలే.

1872లో ప్రభుత్వం తొమియోకాలో పట్టు మిల్లు తెరిచినప్పుడు పనికి ఎవరూ రాలేదు. విదేశీయులు తాగే ఎర్ర వైన్ చూసి, వాళ్లు రక్తం తాగుతారని జనం భయపడ్డారు. మేనేజరు తన కూతుర్నే ముందు చేర్చాల్సి వచ్చింది. 1873లో అక్కడికి వెళ్లిన సమురాయ్ ఇంటి పిల్ల వదా ఎయి తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో దేశం కోసం పనిచేశామన్న గర్వం ఉంది. ఆ తర్వాత ప్రైవేటు మిల్లులొచ్చాయి. వాటిలో చేరింది పేద రైతుల కూతుళ్లు. ఒప్పందం మీద ముద్ర తండ్రిది, అడ్వాన్సు తండ్రికి, చాకిరీ కూతురికి. అయినా వాళ్లు నోరు మూసుకుని పడి ఉండలేదు. పని గంటలు పెంచి కూలి తగ్గించినందుకు 1886లో కోఫు పట్టణంలో అమెమియా మిల్లు అమ్మాయిలు సుమారు వంద మంది పని ఆపేసి బయటికి నడిచారు. జపాన్ కార్మిక చరిత్రలో తొలి సమ్మెల్లో అదొకటి.

మాట్లాడిన స్త్రీలకీ శిక్షే. ఆడపిల్లల్ని పెట్టెల్లో దాచి పెంచుతున్నారని 1883లో ఓత్సులో ఉపన్యసించిన కిషిదా తొషికోని అరెస్టు చేశారు. 1890లో స్త్రీలు రాజకీయ సభలకి వెళ్లడమే చట్టవిరుద్ధమైంది. 1898 పౌరస్మృతి భార్య ఆస్తిని భర్త అజమాయిషీ కింద పెట్టింది. బడిలో నేర్పిన ఆదర్శం: ‘మంచి భార్య, తెలివైన తల్లి’. దేశం కొత్తదవుతుంటే దాని పాతదనాన్ని మోసే బరువు ఆడవాళ్ల మీద పడింది. వాళ్ల కష్టం ఆధునికం కావాలి, వాళ్లు మాత్రం కాకూడదు.

సభల తలుపులు మూసేస్తే స్త్రీలు పత్రిక తెరిచారు. 1911లో హిరత్సుకా రైచో, ఆమె స్నేహితులు ‘సెయితో’ మొదలుపెట్టారు. సాహిత్య పత్రికగా పుట్టిన దాని పేజీల్లోనే ప్రేమ, పెళ్లి, గర్భస్రావం చర్చకొచ్చాయి. ప్రభుత్వం కొన్ని సంచికల్ని నిషేధించింది. 1916లో అది ఆగిపోయింది. స్త్రీలు రాజకీయ సభల్లో కూర్చునే హక్కు 1922లో వచ్చింది, ఓటు హక్కు 1945లో.

ఒక దేశం ఎంత వేగంగా ఎదిగిందో ఎవరైనా చెప్తుంటే నాకు తొమియోకా అమ్మాయిల చేతులు గుర్తొస్తాయి. ఆ వేగం ఎవరి ఒంటి మీదుగా నడిచిందో కూడా అడగాలి కదా.