భిక్షువుల కుండపెంకులు

శంషాబాదు విమానాశ్రయానికి ఈశాన్యాన, మూసీ చెంతనున్న చైతన్యపురిలో విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనమొకటి ఉన్నది. అందులో గోవిందరాజ విహారం పేరూ, భిక్షాన్నంతో జీవించే పిండపాతికుల మాటా కనిపిస్తాయి. ఆ భిక్షువులు వాడిన మట్టిపాత్రలు ఎటువంటివో రాయి చెప్పదు. అందుకు శ్రీకాకుళం జిల్లా వంశధార ఒడ్డునున్న శాలిహుండం చూడాలి.

1919లో ఈ స్థలాన్ని లోకానికెరిగించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషావాదం విషయమున మా పండితులకు ఆయనతో ఎంత పేచీ ఉన్నా, ఈ ఋణం మాత్రం తీరనిది. ఆర్. సుబ్రహ్మణ్యంగారి తవ్వకాల నివేదిక 1964లో వెలువడింది. అచ్చటి తార, మారీచి విగ్రహాలను అందరూ మెచ్చుకుంటారు. నా దృష్టి మాత్రం బ్రాహ్మీ అక్షరాలు గీచిన కుండపెంకులపైనే నిలిచింది. నలుపు–ఎరుపు పాత్రలూ అక్కడ దొరికాయి. ఇటువంటి పాత్రలను బోర్లించి కాల్చేవారని పండితుల అభిప్రాయం: గాలి తగలని లోపలి భాగం, అంచు నల్లబడగా, మంట సోకిన వెలుపలి భాగం ఎర్రబడేది. రాతి శాసనానికి దాత కావాలి, పెంకుపై గీతకు చిన్న మేకు చాలును.

నేడు శంషాబాదు చుట్టూ వెంచర్ల కోసం దిబ్బలు చదునవుతున్నవి. పాతపెంకులు కంటబడితే ఏరుకొనిరాక, ఉన్నచోటనే ఫొటో తీసి, పురావస్తు శాఖకు తెలుపవలసిందిగా బ్లాగు మిత్రులకు మనవి.