శస్త్రశాలలో పరుషవాక్యము



ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నున్నవాడను. కసరినగాని పిల్లవానికి చదువు రాదని నేనును నమ్మితిని. ఆ నమ్మకము నన్ను బడిలో విడువలేదు. ఒక ఆసుపత్రిలో, శస్త్రము చేయు బల్లమీద విడిచినది.

పేగు జారిన బాధకు నాకు శస్త్రము చేసిరి. నడుమునకు సూదిమందు వేయుటచే క్రిందిమేను మొద్దువారెను గాని తెలివి తప్పలేదు. ఎదుట తెర కట్టుటచే కన్నులకేమియు గానరాదు. చెవులు మాత్రము పనిచేయుచుండెను. గాయము కుట్టబోవు ముందు ఒక చిన్న నర్సు మెల్లగా, "సిస్టర్, గాజుగుడ్డ ఒకటి తక్కువ వచ్చిందండీ" అనెను. పెద్ద నర్సు, "నిన్నగాక మొన్న వచ్చి నాకు లెక్కలు నేర్పుతావా?" అని కసరెను. అందరు నూరకుండిరి. కొంత తడవునకు ఆ పిల్ల వణకుచున్న గొంతుతో ఆ మాటనే మరల ననెను. అప్పుడు వైద్యుడు చేయి నిలిపి వెదకించెను. గుడ్డ బల్లక్రింద దొరకెను.

నాకేహానియు గలుగలేదు. కాని గాయము మూయకమున్ను గుడ్డలను, సూదులను, పనిముట్లను లెక్కించు నియమము ఊరక పుట్టినది కాదు. ఒక్క గుడ్డ లోపల మిగిలిన చీముపట్టి ప్రాణముమీదికి వచ్చును. ఆ గుడ్డ నిజముగా నా కడుపులోనే యుండి, ఆ పిల్ల రెండవమారు నోరు విప్పకుండిన నేమయ్యెడిది? ఈ ప్రశ్నయే నన్నీ చరిత్ర చదువుటకు పురికొల్పెను.

మన చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు సేవాజ్ఞానము, నేర్పు, రోగియం దనురాగము, శుచిత్వము అను గుణములను విధించినది. నాలుగు కోళ్ళలో నొకటి విరిగిన మంచము నిలువదుగదా. అయినను ఆ పరిచారకుని మాటకు వైద్యశాలలలో విలువ యెంత యుండెను?

1854వ సంవత్సరము నవంబరులో ఫ్లారెన్సు నైటింగేలు 38 మంది పరిచారికలతో స్కుటారిలోని సైనికవైద్యశాలకు చేరెను. అక్కడి వైద్యులు తొలుత వారి సేవను గోరలేదు. వైద్యుడు పిలిచినగాని కదలరాదని యామె తనవారికి ఆన పెట్టి, ఓర్పుతో కాచుకొనెను. 1860లో లండను నగరమున సెయింట్ థామస్ ఆసుపత్రియందు ఆమె పేర నర్సులకు బోధశాల వెలసెను. విధేయత ఆ విద్యకు పునాదియయ్యెను. ఆ విధేయత వలన ఆసుపత్రులకు క్రమము, శుభ్రత వచ్చినమాట నిజము. కాని కాలక్రమమున, ఎదురు చెప్పకుండుట యను నియమము ఏమియు చెప్పకుండుటగా మారు ప్రమాద మందే యుండెను.

దీనికి భిన్నమైన కథ అమెరికాలో బాల్టిమోరు నగరమున జరిగినది. 1889-90 శీతకాలమున, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యునియొద్ద కరోలిన్ హాంప్టన్ శస్త్రశాలకు ముఖ్యపరిచారికగా నుండెను. క్రిములను జంపుటకై పాదరసపు లవణము కలిపిన నీరు వాడుటచే తన చేతుల చర్మము చెడుచున్నదని యామె మొరపెట్టుకొనెను. ఆయన ఓర్చుకొమ్మని త్రోసివేయలేదు. గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీచే పలుచని తొడుగులు చేయించెను. 1890లో వారిరువురు దంపతులైరి. శస్త్రశాలలలో రబ్బరు చేతితొడుగులు వ్యాపించుటకు ఆమె మొర యొక ముఖ్యకారణము. విన్న మాట ఫలించు విధ మిట్టిది.

వినని మాటల కథ వేరు. 1986వ సంవత్సరమున అమెరికాలో జూడిత్ మైస్నర్ అను నామె, నర్సులు తమ పిల్లలను తామే తినుచున్నారా యని యొక వ్యాసమున నిలదీసెను. క్రొత్తవారిని పెద్దవారు చిన్నబుచ్చుటనుగూర్చి యామె వేదన. అత్త యొకనాటి కోడలే. వైద్యునిచేత, పైవారిచేత తిట్లుపడి పెరిగిన నర్సు ఆ తిట్లనే క్రిందివారికి ఆస్తిగా నిచ్చును. నన్ను కలవరపెట్టిన ఆ పెద్ద నర్సును దుష్టురాలని నేననను. ఆమెయు నెన్నడో వణకుచున్న గొంతుతో మాటాడినదే యైయుండును.

తిట్టు మనసునకే గాక పనికిని హాని చేయునా? 2015లో ప్రకటితమైన యొక పరిశోధన దీనిని బరీక్షించినది. అది శస్త్రశాల గాదు. ఇజ్రాయెలు దేశమున నవజాతశిశువుల చికిత్సాశాలలకు చెందిన వైద్యులు, నర్సులుగల 24 జట్లు. వారికి శిక్షణకై కల్పించిన రోగిని జూపిరి. కొన్ని జట్ల నొక పరాయి నిపుణుడు తేలికపరచి మాటాడెను. ఆ జట్లు రోగమును గుర్తించుటలోను, చికిత్స చేయుటలోను వెనుకబడెను. తెలిసినది ఒకరికొకరు చెప్పుకొనుట, సాయ మడుగుట తగ్గెను.

దీనికి విరుగుడు కొంత దొరకినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో 19 అంశముల పట్టిక నొకటి వెలువరించెను. కోత పెట్టకమున్ను శస్త్రశాలలోని వారందరు తమ పేరును, పనిని చెప్పుకొనవలెను; బయటికి కొనిపోవకమున్ను గుడ్డల, పనిముట్ల లెక్క సరిపోయెనని నర్సు నోటితో ప్రకటింపవలెను. న్యూఢిల్లీతో గూడ 8 నగరముల ఆసుపత్రులలో పరీక్షింపగా, నూటికి 1.5గా నున్న మరణములు 0.8కి దిగెనని 2009లో ప్రకటించిరి. ఈ మేలంతయు పేరు చెప్పుకొనుటవలననే యని యనరాదు. అయినను, ఒకమారు పేరు పలికిన నోటికి ఆపదలో రెండవమాట పలుకుట సులభము.

ఆసుపత్రినుండి యింటికి వచ్చినపిమ్మట నాకొక పాతదినము జ్ఞప్తికి వచ్చెను. నల్లబల్లమీద నేనొక లెక్క తప్పు వేసితిని. పిల్లలందరు నా తప్పునే పలకలమీద దించుకొనిరి. తెలిసినవా డొక్కడైన నుండును, చెప్పినవాడు లేడు. నేను నేర్పిన భయమునకు అదియే ఫలము. పలకమీది తప్పు తడిగుడ్డతో పోయినది. బల్లమీది మనుష్యుని విషయమున అట్లుగాదు.

పెద్దలారా! మన యూళ్ళ ఆడపిల్లలు పలువురు నర్సులగుచున్నారు. ఇంట మనము వారి మాట విన్న, అక్కడ వారు మాట చెప్పగలుగుదురు.