గొర్రెతోలు లోపల బాల్జాక్

1971. చైనాలో సిచువాన్ కొండలు. రాతిమెట్లు ఎక్కుతున్నారు మీరు. ఒక మలుపు తిరిగితే ఇంకో మలుపు, మబ్బులో దూరి మబ్బులోనే మాయమయ్యే దారి. మీ ముందు ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడి పేరు ల్వో, రెండోవాడి పేరు మా. ఇంకా మీసాలు ముదరని వయసు. వాళ్ళు చేసిన తప్పల్లా పేరున్న డాక్టర్లకు పుట్టడమే. సాంస్కృతిక విప్లవం నాటి చైనాలో ఆ పుట్టుక చాలు, ఇంటిల్లిపాదికీ ప్రజాశత్రువులన్న ముద్ర పడటానికి. పట్నం చదువులు మరిచి రైతుల దగ్గర కొత్త చదువు నేర్చుకోమని మావో పిలుపిచ్చాడు. ఆ ఏళ్ళలో అలా పల్లెలకు తరలించిన పిల్లలు సుమారు 1.7 కోట్లు.

చీకటి గుడిసెలో నెగడు చుట్టూ ఊరంతా మూగింది. మా తెచ్చుకున్న వయొలిన్ని ఊరిపెద్ద పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. అదేమిటో అక్కడ ఎవరికీ తెలియదు. డబ్బున్నవాళ్ళు ఆడుకునే బొమ్మ అని తేల్చేశాడు. ఇక మంటలో వేయడమే తరువాయి. ల్వో చప్పున అందుకున్నాడు: అది వాద్యం, వీడు మొజార్ట్ పాట వాయిస్తాడు, ఆ పాటలో మొజార్ట్ చైర్మన్ మావోని తలుచుకుంటాడు! పెద్దాయన ముఖం విప్పారింది. మా కమాను ఎత్తాడు. పగలంతా బరువులు మోసి వంగిన నడుములు మెల్లగా నిటారవుతున్నాయి. పొగలో కళ్ళు చికిలించుకుని ఆ ముసలి ముఖాలను చూడండి. పాట ఎవరిదైతేనేం, చెవికి అందింది.

తెల్లవారితే పెంట నింపిన బుట్టలు వీపున కట్టుకుని కొండ ఎక్కాలి. కాలు జారితే ఆ రొచ్చంతా మెడ మీదుగా కారుతుంది. మరో రోజు గని. ఇలాంటి రోజుల మధ్యలోకి వచ్చింది ముసలి దర్జీ మనవరాలు. ఈ సినిమాలో ఆమెకు పేరు లేదు. కుట్టుపని అమ్మాయి, అంతే. జౌ షున్ నటించింది. నవ్వితే ఆ లోయకే పొద్దు పొడిచినట్టుంటుంది. ఇద్దరూ ఆమెను ప్రేమించారు. ల్వో చెప్పుకున్నాడు, మా దాచుకున్నాడు.

ఇంతలో ఇంకో కుర్రాడి దగ్గర తాళం వేసిన పెట్టె ఒకటుందని తెలిసింది. దొంగిలించారు. మూత తీస్తే బాల్జాక్, ద్యూమా, ఫ్లోబేర్. వంటల పుస్తకాన్ని కూడా మంటపాలు చేసిన ఊళ్ళో ఈ పుస్తకాలు పట్టుబడితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. అయినా చదివారు, ఆమెకు చదివి వినిపించారు. కాగితం లేదు కాబట్టి మా తన గొర్రెతోలు కోటును తిరగేసి, లోపలి తోలు మీద సన్నని అక్షరాలతో బాల్జాక్ పుటలు ఎక్కించుకున్నాడు. పైకి ఎప్పటి కోటే. లోపల, ఒంటికి ఆనుకుని, ప్రభుత్వం వద్దన్న వాక్యాలు.

ఆ వాక్యాలను చైనా భాషలోకి తెచ్చినవాడు ఫూ లేయ్. సాంస్కృతిక విప్లవపు యువదళాలైన రెడ్ గార్డుల వేధింపులు పడలేక 1966 సెప్టెంబరు 3న షాంఘైలో భార్యతో కలిసి ప్రాణాలు తీసుకున్నాడు. ఈ సినిమాకు మూలమైన నవలలో, అమ్మాయి కష్టంలో ఉన్నప్పుడు మా ఒక డాక్టరు కాళ్ళావేళ్ళా పడతాడు. ఆయన కోటు లోపలి నాలుగు మాటలు చదివి, ఇది ఫూ లేయ్ అనువాదం అని పోల్చుకుని, కరిగిపోతాడు. అనువాదకుడు పోయినా అతని వాక్యం ఒక ఆడపిల్లను గట్టెక్కించింది.

ఇదంతా గాలిలోంచి పుట్టిన కథ కాదు. దర్శకుడు డై సిజియె స్వయంగా 1971 నుంచి 1974 దాకా సిచువాన్‌లో అలాంటి బతుకు బతికినవాడే. తర్వాత ఫ్రాన్స్ చేరి, 2000లో ఫ్రెంచిలో నవల రాశాడు. 2002లో తనే "బాల్జాక్ అండ్ ద లిటిల్ చైనీస్ సీమ్‌స్ట్రెస్" పేరుతో తెరకెక్కించాడు.

ఇప్పుడు మళ్ళీ ఆ మెట్ల దగ్గరికి రండి. జడ కత్తిరించుకుని, తను కుట్టుకున్న పట్నపు బట్టలు తొడుక్కుని, చిన్న మూటతో ఆమె దిగిపోతోంది. ల్వో వెనకాల పరుగెత్తాడు. ఎవరు మార్చారు నిన్ను అంటే బాల్జాక్ పేరు చెప్పింది. కొండమీది పిల్లను తీర్చిదిద్దాలని వాళ్ళు చదివి వినిపించారు. తీర్చిదిద్దాలని పార్టీ తమను ఇక్కడికి పంపినట్టే. ఆమె వాళ్ళ లెక్కకూ అందలేదు, పార్టీ లెక్కకూ అందలేదు. విన్న కథల్లోంచి తనకు కావలసిన బతుకును కత్తిరించి కుట్టుకుంది.

ఏళ్ళు గడిచాయి. ఫ్రాన్స్‌లో వయొలిన్ విద్వాంసుడైన మా, త్రీ గోర్జెస్ డ్యామ్ కింద ఆ ఊరు మునిగిపోతోందని తెలిసి, ఆమె కోసం అత్తరు సీసా కొనుక్కుని వస్తాడు. ఆమె ఆచూకీ లేదు. నీళ్ళు పెరుగుతాయి, గుడిసెలోకి వస్తాయి. ఆ నీటి అడుగున కుట్టుమిషన్.

ప్రేమించిన మనిషికి పుస్తకం ఇస్తున్నామంటే, ఆ మనిషి మనల్ని దాటి వెళ్ళడానికి దారి ఇస్తున్నామన్నమాట. నిషేధించిన పాలకుడికి ఆ భయం ఉంది. చదివి వినిపించిన ల్వోకి అది ఆలస్యంగా తెలిసింది. తెలిసీ ఇవ్వగలిగితే అదే ప్రేమ. ఈ సినిమా చూడండి, చూశాక మీ దగ్గరున్న మంచి పుస్తకం ఒకటి ఎవరి చేతిలోనైనా పెట్టండి.