జ్ఞానదంతపు చిగురు – మందులకు లొంగని క్రిములు

బుద్ధి వికసించు ప్రాయమున మొలచుటచే దీనికి జ్ఞానదంతమను పేరు గలిగినది. 17 మొదలు 25 ఏండ్ల ప్రాయములో, దవడ చివర చోటు చాలక, ఈ దంతము సగము మాత్రమే బయటపడి నిలిచిపోవుట సామాన్యము. అప్పుడు చిగురు దానిపై మూతవలె కప్పియుండును. ఆ మూత క్రింద అన్నపు మెతుకులు చేరును, పుల్లకు గాని కుంచెకు గాని అవి అందవు, గాలి సోకదు. అచ్చటనే చిగురు వాచి, చీముపట్టి, నోరు తెరువరాని బాధ కలుగును. పేరులోని జ్ఞానము మాట యెట్లున్నను, బాధ మాత్రము నిజము.

నోటిలో సూక్ష్మజీవులున్నవని లోకమునకు తెలిపినవాడు వైద్యుడు కాడు. హాలెండులోని డెల్ఫ్ట్ నగరపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్. తన పండ్ల సందులలోని పాచిని సూక్ష్మదర్శిని క్రింద నుంచి, కదలాడు జీవులను కనుగొని, 1683లో లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసెను. ఆయన ఉప్పుతో పండ్లు తోముకొనువాడనుట గమనింపదగినది.

ఈ వాపును చిన్నదిగా నెంచరాదు. 1836లో లుడ్విగ్ అను జర్మను వైద్యుడు వర్ణించిన గొంతువాపు, పెక్కుసారులు క్రింది దవడ చివరి దంతములనుండియే పుట్టి, నాలుక క్రిందికిని మెడకును ప్రాకి, ఊపిరి నడ్డగించును. పెన్సిలిన్ రాకకు పూర్వము దానివలన చాలమంది మరణించుచుండిరి.

ఆ పెన్సిలిన్ చరిత్రలో ఒక విచిత్రమున్నది. 1941లో ఆక్స్‌ఫర్డులో రోగులకు ఆ మందు నెక్కించుటకు ముందే, 1940 డిసెంబరులో, దానిని విరుగగొట్టు ఎంజైము బాక్టీరియాలో నున్నదని అబ్రహాం, చెయిన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన ఆయుధముకంటె ముందే శత్రువు కవచము సిద్ధముగా నుండెనన్నమాట. 1945లో తన నోబెల్ ఉపన్యాసమున ఫ్లెమింగు ఒక కల్పితకథ చెప్పెను. గొంతునొప్పిగల యొకడు చాలీచాలని మోతాదు పుచ్చుకొనును. క్రిములు చావవు, మందు నెదిరించు విద్య నేర్చుకొనును. అవి అతని భార్యకు సోకును. ఆమెకు పెన్సిలిన్ పనిచేయక ప్రాణము పోవును.

చిగురుమూత క్రింద ఆ కథ నేటికిని నడచుచునే యున్నది. గాలి గిట్టని ప్రివొటెల్లా జాతి క్రిములలో అనేకము పెన్సిలిన్‌ను విరుగగొట్టు ఎంజైమును తయారుచేయును. అది ప్రక్కనున్న క్రిములనుగూడ కాపాడును. ఒకడు పట్టిన గొడుగు క్రింద నలుగురు నిలిచినట్లు.

మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు పెద్దగా నున్న అమెరికాలోని లెడర్లీ సంస్థ, 1948లో ఆరియోమైసిన్‌ను వెలువరించినది. అది టెట్రాసైక్లిన్ మందులలో మొదటిది. ఆ మందుల నెదిరించు జన్యువులును ఇప్పుడు నోటి క్రిములలో విస్తారముగా కనబడుచున్నవి. మాకు ఇంతకంటె వింతగా తోచునది 1962 నాటి సంగతి. స్త్రీల వ్యాధికై మెట్రోనిడజోల్ పుచ్చుకొన్న యొక రోగికి చిగుళ్ళ పుండ్లును మానినవి! షిన్ అను నాయన దీనిని లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. గాలిలేని చోట బ్రతుకు క్రిములలోనే ఆ మందు మేల్కొని, వాని జన్యుపదార్థమును తెంచును.

అయినను ఏ మందును మూత క్రింది మెతుకును తీయజాలదు. మనము దుకాణములో నాలుగు బిళ్ళలు కొని మ్రింగి, నొప్పి తగ్గినదని ఊరకుందుము. దంతవైద్యుడు మొదట ఆ సందును ఉప్పునీటితో కడుగును. జ్వరము వచ్చినను, వాపు ప్రాకినను, దవడ బిగిసినను అప్పుడు యాంటీబయాటిక్ నిచ్చును. మరల మరల వాచు దంతమును తీసివేయును. మెడ వాచి మ్రింగుట కష్టమైనచో ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను.