గ్యాస్ బండ, కుంపటితో ఇంట్లోనే పని చేస్తున్నారా? ఫ్యాన్ ఆపే ముందు ఇవి తెలుసుకోండి

గోదావరి జిల్లాల్లో గది వెచ్చబెట్టుకోవడానికి ఎవరూ హీటర్ కొనరు. సంక్రాంతి చలికి ఓ దుప్పటి, భోగి మంట చాలు. ఇక్కడ ఇంట్లో మంట పెట్టేది పని కోసమే. రాజమహేంద్రవరంలో వీధి గదిలో బంగారం పని చేసే కంసాలి దగ్గర గ్యాస్ టార్చ్ ఉంటుంది, పక్కనే బొగ్గుల కుంపటి ఉంటుంది. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంట్లో బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట ఉంటుంది. ఆన్‌లైన్ ఆర్డర్ల మీద స్వీట్లు, పచ్చళ్లు చేసి పంపే ఇళ్లలో అయితే పెరటి షెడ్డులో హై ప్రెషర్ పొయ్యి కనిపిస్తుంది.

ఈ పనులన్నిటికీ ఒక ఇబ్బంది ఉంది. గాలి ఆడితే పని చెడుతుంది. టార్చ్ మంట ఊగితే అతుకు సరిగ్గా కుదరదు. కుండ మీద రేకు ఆరేలోగా గాలి తగిలితే చిరుగుతుంది, లేదా ఎగిరిపోతుంది. అందుకే మీరు ముందు ఫ్యాన్ ఆపేస్తారు, తర్వాత కిటికీ మూస్తారు. వానాకాలంలోనైతే తలుపు కూడా వేసేస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. గ్యాస్ బండ పేలడం గురించి అందరికీ భయం ఉంది కానీ, మూసిన గదిలో మంట గురించి పెద్దగా ఎవరూ పట్టించుకోరు.

తలనొప్పిని వేడి అనుకోకండి

మంటకు ఆక్సిజన్ చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అంటే మీరు ఊపిరి పీలుస్తూనే ఉంటారు, ఒంటికి మాత్రం ఆక్సిజన్ అందదు.

బొగ్గులు, ఊక, రంపపుపొట్టు ఈ విషయంలో గ్యాస్ కంటే ప్రమాదకరం. పొగ పోయి నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు ‘ఇక పర్లేదు’ అని కుంపటిని లోపలికి తెచ్చుకుంటారు చూశారా, విష వాయువు బాగా వచ్చేది ఆ నిప్పుల నుంచే. పొగ కళ్లు మండించి మిమ్మల్ని బయటికి పంపేస్తుంది. ఇది ఆ పని చేయదు.

తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లలో నీరసం మొదటి గుర్తులు. మన వాతావరణంలో వీటిని వడదెబ్బ అనో, పొద్దున్నుంచి తినలేదనో అనుకోవడం సహజం. తేడా కనిపెట్టడానికి రెండు ప్రశ్నలు వేసుకోండి. గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికీ ఒకేసారి అలా ఉందా? బయట అరుగు మీద కూర్చోగానే తేలికపడుతోందా? అవునంటే అది వేడి కాదు. మంట ఆపేసి అందరూ బయటికి వచ్చేయండి. ఎవరైనా మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా 108కి ఫోన్ చేసి, ‘మూసిన గదిలో కుంపటి ఉంది’ అని ముందే చెప్పండి. డాక్టర్‌కు చికిత్స కోసం ఆ మాటే ముఖ్యం. మామూలు గాలిలో ఈ విషం రక్తంలో సగం తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగానికి దిగుతుంది.

ఇంకో సంగతి. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ వేలికి పెట్టి ‘98 ఉంది, బాగానే ఉన్నాను’ అనుకోవద్దు. ఆ పరికరం కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేస్తుంది. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి కూడా అంకె బాగానే కనిపించవచ్చు. ముఖానికి తడిగుడ్డ కట్టుకోవడం పొగకు కాస్త పనికొస్తుందేమో కానీ ఈ వాయువును అడ్డుకోదు.

మరి ఫ్యాన్ వేయకుండా ఎలా? గాలి మంట మీదికి రాకూడదు గానీ గదిలోకి రావాలి. పని బల్లకు మూడు వైపులా రేకు గానీ, కాలని బోర్డు గానీ అడ్డం పెట్టుకుంటే మంట నిలకడగా ఉంటుంది, కిటికీ తెరిచి ఉంచవచ్చు. గోడ పైభాగంలో గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, ఎదుటి వైపు తలుపు కింద గాలి వచ్చే సందు వదలండి. కుంపటి మాత్రం వరండాలో లేదా పెరట్లోనే ఉండాలి. రాత్రి పని అయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి గదిలో వదిలేసి, అదే గదిలో పడుకోవడం ఏ పరిస్థితిలోనూ వద్దు. తుపాను రోజుల్లో కరెంటు పోయిందని చిన్న జనరేటర్‌ను వరండాలోకో, వంటింట్లోకో లాగడం కూడా ఇలాంటిదే.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాన్ని మీరు కూర్చుని పని చేసేటప్పుడు ముక్కు ఉండే ఎత్తులో పెట్టండి. గ్యాస్ లీకేజీని పట్టే అలారం వేరు, అది నేలకు దగ్గరగా ఉండాలి. ఒకటి కొని రెండు పనులూ చేస్తుందనుకోవద్దు.

మంట రంగు చూసి తెలుసుకోండి

గ్యాస్ మంట నీలంగా, కోసుగా ఉంటే బాగున్నట్టు. పసుపు పచ్చగా మారి గిన్నె అడుగున మసి పడుతోందంటే గ్యాస్‌తో కలవాల్సిన గాలి తగ్గింది. చాలామంది ఇక్కడ గ్యాస్‌లో కల్తీ అని ఏజెన్సీని తిడతారు. ముందు బర్నర్ వైపు చూడండి. జెట్ దగ్గర గాలి వెళ్లే రంధ్రాలు ఉంటాయి. కొన్నాళ్లు వాడని పొయ్యిలో అక్కడ సాలీడు గూడు కడుతుంది. కొబ్బరి పీచు దుమ్ము, నూనె జిడ్డు కూడా అడ్డుపడతాయి. పొయ్యి ఆపి, చల్లారాక, మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయండి. జెట్ రంధ్రాన్ని మేకుతోనో, సూదితోనో పొడిస్తే అది పెద్దదై కొత్త సమస్య వస్తుంది. దాన్ని మార్చేయడమే మంచిది, ఖర్చు పెద్దగా ఉండదు. మధ్యమధ్యలో నారింజ రంగు మెరుపులు వచ్చి పోతుంటే మాత్రం అది గాలిలోని దుమ్ము, ఉప్పు. దానికి కంగారు పడక్కర్లేదు.

మంట బర్నర్ నుంచి పైకి లేచి హోరుమంటుంటే ప్రెషర్ గానీ గాలి గానీ ఎక్కువైంది. ‘టప్’ మని శబ్దం వచ్చి మంట లోపలికి, జెట్ దగ్గరికి వెళ్లిపోతే వెంటనే వాల్వ్ మూసి, చల్లారేదాకా ఆగండి. అలాగే వదిలేస్తే పైపు కొస కాలుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు: ‘బండలో గ్యాస్ ఉంది, మంట మాత్రం తగ్గిపోతోంది’. బండను ముట్టుకుని చూడండి, చల్లగా ఉంటుంది. బయట నీటి చెమట, ఒక్కోసారి మంచు పొర కూడా కనిపిస్తుంది. బండలో ఉండేది ద్రవం. అది ఆవిరి కావడానికి తన వేడినే వాడుకుంటుంది. చిన్న బండకు పెద్ద బర్నర్ తగిలిస్తే, ఆవిరయ్యే వేగానికి బయటి నుంచి వేడి అందదు. ద్రవం చల్లబడి ప్రెషర్ పడిపోతుంది. బండ లోపం కాదు, బర్నర్ లోపమూ కాదు, రెండింటికీ జోడీ కుదరలేదంతే.

అప్పుడు కొందరు బండను పడుకోబెడతారు, కుదుపుతారు, వేడి నీళ్లలో పెడతారు, ఏకంగా కుంపటి పక్కకు జరుపుతారు. ఏదీ చేయకండి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే పైపులోకి వచ్చి బర్నర్ దగ్గర నిప్పుల వాన కురుస్తుంది. మంట తగ్గించి కాసేపు ఆగండి, లేదా పెద్ద బండకు మారండి. ఆ చెమట గీత మాత్రం ఒకందుకు పనికొస్తుంది. అది ఎక్కడిదాకా ఉందో లోపల ద్రవం దాదాపు అక్కడిదాకా ఉన్నట్టు.

ఏ బండ వాడాలి?

ఇంటి కనెక్షన్ మీద వచ్చే 14.2 కిలోల ఎర్ర బండను అమ్మకం పనికి వాడకూడదు. 2000 నాటి ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు, నిత్యావసర సరుకుల చట్టం కింద అది నేరం. పౌర సరఫరాల శాఖ తనిఖీల్లో దొరికితే బండలు పట్టుకుపోయి 6ఏ కేసు పెడతారు. ఇంట్లోనే చేస్తున్నా అమ్మడానికే అయితే అది వ్యాపారమే.

అలాగని అందరూ 19 కిలోల కమర్షియల్ బండే తీసుకోవాలని లేదు. టార్చ్ పనికి, చిన్న పొయ్యికి 5 కిలోల ఎఫ్‌టీఎల్ బండ ఉంది. ఇండేన్‌లో దీన్ని ‘ఛోటూ’ అంటారు. చిరునామా రుజువు అక్కర్లేదు, ఏదైనా గుర్తింపు కార్డు చాలు. గ్యాస్ ఏజెన్సీల్లోనూ, కొన్ని పెట్రోల్ బంకుల్లోనూ ఇస్తారు. సబ్సిడీ లేదు కాబట్టి కిలో లెక్కన ఖరీదు ఎక్కువే. ఇంటి కనెక్షన్ మీద ఇచ్చే 5 కిలోల బండ కూడా ఒకటి ఉంది, అది వేరు. అడిగేటప్పుడు ‘ఎఫ్‌టీఎల్’ అని స్పష్టంగా అడగండి.

వద్దనేది ఒక్కటే: సంతల్లో, స్టీలు సామాను కొట్లలో దొరికే ఐఎస్ఐ ముద్ర లేని చిన్న బండ, దానికి రోడ్డు పక్కన పట్టించే గ్యాస్. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి ప్లాంటులో బండ నింపేటప్పుడు పైన కొంత ఖాళీ వదులుతారు. పెద్ద బండ నుంచి చిన్నదానిలోకి వంపే చోట ఆ లెక్క ఉండదు. నిండా నింపిన ఆ బండ మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

బండ తీసుకునేటప్పుడు పై పట్టీ లోపలి వైపు ఒక అక్షరం, రెండంకెలు చూడండి. ఏ అంటే జనవరి–మార్చి, బీ అంటే ఏప్రిల్–జూన్, సీ అంటే జులై–సెప్టెంబర్, డీ అంటే అక్టోబర్–డిసెంబర్. ‘బీ 28’ అని ఉంటే 2028 జూన్‌లోగా ఆ బండకు మళ్లీ పరీక్ష జరగాలి. గడువు దాటితే తీసుకోనని చెప్పే హక్కు మీకుంది.

పైపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏజెన్సీ ఇచ్చే నారింజ రంగు సురక్షా పైపు ఇంటి పొయ్యి తక్కువ ప్రెషర్‌కు చేసింది. అయిదేళ్లకు మార్చాలి, పొడవు ఒకటిన్నర మీటరు మించకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు. హై ప్రెషర్ పొయ్యికి, టార్చ్‌కు దాన్ని తగిలించవద్దు. వాటికి హై ప్రెషర్ రెగ్యులేటర్, దానికి తగిన గట్టి పైపు విడిగా కొనాలి. నీళ్ల మోటారు పైపు ముక్కకు క్లిప్పు బిగించి వాడేవాళ్లూ ఉన్నారు. రబ్బరును గ్యాస్ కరిగిస్తుంది, ఎలుక కొరుకుతుంది, ఆ పైపు ఆగదు. మీ వీధికి పైపుల గ్యాస్ వచ్చి ఉంటే దాన్ని బండ పొయ్యికి నేరుగా కలపకండి. జెట్ మార్చాల్సిందే.

వాసన వస్తే

ఎల్పీజీ గాలి కంటే బరువు. కిందికి దిగి నేల మీద, కాలువలో, బల్ల కింద పేరుకుంటుంది. బండ ఎప్పుడూ నిలువుగా, పొయ్యి కంటే కింద, గుంట లేని చోట ఉండాలి. వాసన రాగానే కుంపటి, దీపం, అగరుబత్తి ఏదున్నా ఆర్పండి. రెగ్యులేటర్ ఆపి బండకు మూత పెట్టండి. తలుపులు తెరవండి. స్విచ్ వేయొద్దు, ఆపనూ వద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేద్దామనే ఆలోచన ముందొస్తుంది, అదే నిప్పురవ్వ అవుతుంది. బయటికి వచ్చాకే ఫోన్ తీసి 1906కు చేయండి. 24 గంటలూ పనిచేసే గ్యాస్ లీకేజీ నంబర్ ఇది. మంట అంటుకుంటే 101.

కోనసీమ వాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైన్ లీకై 20 మందికి పైగా చనిపోయారు. తెల్లవారుజామున టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే మంటలు లేచాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. మన ఇంటి బండతో ఆ పైపులైన్‌కు పోలిక లేదు. కానీ పొద్దున్నే మూసి ఉన్న పని గది తలుపు తీసి, వాసన చూడకుండా అగ్గిపుల్ల గీయడం అలాంటి పనే. రోజూ ఆ గదిలోనే ఉండే ముక్కు వాసనకు అలవాటు పడుతుంది. అనుమానం ఉంటే సబ్బు నురుగు రాసి బుడగలు చూడండి.

ప్రమాదం జరిగితే బీమా వస్తుందా?

వస్తుంది, కానీ ఎక్కడ జరిగిందన్నది కీలకం. చమురు కంపెనీలు తీసుకున్న పబ్లిక్ లయబిలిటీ పాలసీలో ఎల్పీజీ ప్రమాదంలో మరణిస్తే మనిషికి 6 లక్షల రూపాయలు, వైద్యానికి మనిషికి 2 లక్షల వరకు (ఒక ప్రమాదానికి మొత్తం 30 లక్షల వరకు), ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు ఉన్నట్టు కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఆస్తి నష్టం మాత్రం కనెక్షన్ రిజిస్టర్ అయిన చిరునామాలో జరిగితేనే. ఇంటి బండను పక్క వీధిలో అద్దెకు తీసుకున్న షెడ్డుకు తీసుకెళ్లి వాడుతుంటే ఆ భాగం మీకు అందదు. ఇంటి బండను వ్యాపారానికి వాడుతున్నట్టు తేలినా దావా చిక్కుల్లో పడుతుంది.

దీనికి మీరు విడిగా ప్రీమియం కట్టక్కర్లేదు, బీమా ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, గ్యాస్ ఏజెన్సీకి వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఏజెన్సీ కంపెనీకి, కంపెనీ బీమా సంస్థకు పంపాలి. ఆసుపత్రి బిల్లులు, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం అసలు కాపీలు మీ దగ్గర పెట్టుకోండి. కాలిన పైపు, రెగ్యులేటర్ పారేయకండి, విచారణకు వచ్చినవాళ్లు వాటినే అడుగుతారు.

కంసాలి, కమ్మరి పనులవాళ్లకు ఒక మాట. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పేరు నమోదై ఉంటే పనిముట్లకు 15 వేల రూపాయల వరకు ఈ–వోచర్ వస్తుంది. పని గది మార్చే ఆలోచన ఉన్నవాళ్లు బండ కదిలించే ముందే ఏజెన్సీకి వెళ్లి కొత్త చిరునామా రాయించుకోండి.