వీథిలో సిలువ మార్గము: ఒక ప్రార్థన చరిత్ర, రామచంద్రపురము ఎదుట ఒక ప్రశ్న

పరిచయము

లెంటు దినములు వచ్చినప్పుడెల్లా మన సంఘములలో ఒక ప్రశ్న వినబడుచుండును. శుభ శుక్రవారమున కతోలిక సహోదరులు సిలువను మోసికొని, మధ్యమధ్య ఆగుచు చేయు 'సిలువ మార్గము' ప్రార్థనలో మనము పాలుపొందవచ్చునా? అది లేఖనములలో లేని ఆచారమని కొందరందురు. ప్రభువు శ్రమలను ధ్యానించుటకు అభ్యంతరమేమని మరికొందరందురు. వాదమునకు ముందు చరిత్రను తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము. కావున ఈ ప్రార్థన పుట్టుపూర్వములను క్లుప్తముగా పరిశీలించి, రామచంద్రపురము వంటి గోదావరి డెల్టా పట్టణములో దానిని నడచుట అనగా ఏమో ఆలోచింతుము.

యెరూషలేము నుండి ఐరోపాకు, తిరిగి యెరూషలేమునకు

నాలుగవ శతాబ్ది చివర యెరూషలేమును దర్శించిన ఎగేరియా అను స్త్రీ తన యాత్రను వ్రాసి యుంచెను. శ్రమల వారములో గురువారము రాత్రి విశ్వాసులు ఒలీవల కొండపై ప్రార్థించి, గెత్సేమనే మీదుగా కీర్తనలు పాడుచు తెల్లవారువేళకు పట్టణము చేరుదురని ఆమె తెలిపెను. అప్పటికి పదునాలుగు స్థలములు లేవు; సువార్త పఠనము, నడక, ప్రార్థన మాత్రమే ఉన్నవి.

1342లో పరిశుద్ధ స్థలముల సంరక్షణ ఫ్రాన్సిస్కను సన్యాసులకు అప్పగింపబడినది. 1458లోను 1462లోను యెరూషలేము వెళ్లిన ఆంగ్ల యాత్రికుడు విలియం వే ఈ ఆగు చోట్లను 'స్టేషన్లు' అని పేర్కొనెను. ఆ కాలమున యాత్రికులు తరచుగా కల్వరి వైపునుండి పిలాతు మందిరము వైపునకు, అనగా నేటి క్రమమునకు ఎదురుగా నడచెడివారు!

నేటి క్రమమునకు రూపమిచ్చినది ముఖ్యముగా ఐరోపాలోని భక్తి గ్రంథములు. డెల్ఫ్టు వాస్తవ్యుడైన ఆడ్రికోమియస్ 1584లో ప్రచురించిన యెరూషలేము వర్ణనలో పిలాతు మందిరము మొదలు పన్నెండు స్థలములను క్రమముగా చూపెను. యెరూషలేమునకు పోలేని వారి కొరకు వ్రాయబడిన ధ్యానములే తరువాత యెరూషలేములోని నడకను సయితము దిద్దినవని హెర్బర్ట్ థర్స్టన్ 1906లో వాదించెను. పోపు పన్నెండవ క్లెమెంటు 1731లో పదునాలుగు స్థలములను స్థిరపరచి, వాటిని నెలకొల్పు అనుమతిని ఇతర దేవాలయములకు విస్తరింపజేసెను. 1750లో పోర్ట్ మారిస్ లెయొనార్డు అను బోధకుడు రోములోని కొలోసియములో ఈ స్థలములను నెలకొల్పెను. ఆ విధముగా ప్రార్థన ఆలయ ప్రాకారము దాటి నగరపు బహిరంగ స్థలములోనికి వచ్చినది.

ప్రొటెస్టెంటు సంకోచము

మన పెద్దల సంకోచమునకు కారణము లేకపోలేదు. ప్రభువు మూడుమారులు పడిపోవుట, దారిలో తల్లిని కలిసికొనుట, వెరోనికా ఆయన ముఖమును తుడుచుట సువార్తలలో వ్రాయబడలేదు. ఈ అభ్యంతరమును కతోలిక సంఘమే గుర్తించినదనవచ్చును. 1991లో పోపు రెండవ జాన్ పాల్, లేఖన వృత్తాంతములను మాత్రమే అనుసరించు పదునాలుగు స్థలములతో కొలోసియములో ప్రార్థన నడిపించెను.

అయితే మరియొక సంగతి గమనింపదగినది. శుభ శుక్రవారమున మన మందిరములలో మధ్యాహ్నము నుండి మూడు గంటల సేపు సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానించుచున్నాము గదా. ఆ మూడు గంటల ఆరాధన పెరూ దేశపు లీమా నగరములో, 17వ శతాబ్ది చివర, అలోన్సో మెస్సియా అను జెస్విటు గురువు ప్రారంభించినది. 19వ శతాబ్దిలో ఆంగ్లికనులు దానిని చేపట్టిరి. నేడు దానిని పరాయి ఆచారమని ఎవరు అందురు? ఒక ఆచారము ఎక్కడ పుట్టినదను ప్రశ్న కంటె, అది మనలను సిలువ యొద్దకు నడిపించునా అను ప్రశ్నయే ప్రధానము.

రామచంద్రపురము వీథులు

రామచంద్రపురము గౌతమికి తూర్పుననున్న పట్టణము. 2022లో కోనసీమ జిల్లాలో చేరినది. ఇది కెనడియన్ బాప్టిస్టు మిషను కేంద్రములలో ఒకటి. పవిత్రమైన దానిని మోసికొని వీథిలో నడచుట ఈ సీమకు క్రొత్త కాదు. దాపుననున్న ద్రాక్షారామములో భీమేశ్వరుని ఉత్సవములు, కనుమనాడు జగ్గన్నతోటకు పొలములకడ్డముగా మోసికొనిపోవు ప్రభలు, మొహర్రములో పీర్లు, అన్నిటిని ఈ ప్రజ ఎరుగును. కావున సిలువ వీథిలోనికి వచ్చినపుడు చూపరులు దానిని మరియొక ఊరేగింపుగా, మరియొక వర్గపు బలప్రదర్శనగా తలంచు ప్రమాదమున్నది. 2022 మే 24న జిల్లాకు అంబేద్కరు పేరు పెట్టు విషయమై అమలాపురములో ఇండ్లకు నిప్పు పెట్టబడినది. వీథి ఎవరిది అను ప్రశ్న ఇక్కడ తేలికైనది కాదు.

పైగా ఈ డెల్టాలో సంఘములు అధికముగా మాల మాదిగ పల్లెలలో వేరూనినవి. ఊరి నడివీథిలో తలయెత్తి నడచుటకే ఆక్షేపణ ఎదుర్కొన్నవారి సంతతి సిలువతో ఆ వీథిలో నడచునప్పుడు, ఆ నడకలో ప్రార్థనతో పాటు జ్ఞాపకము కూడ ఉన్నది. దానిని మనము తృణీకరింపరాదు.

ఇక్కడ రెండు లేఖన భాగములు మనకు దారి చూపుచున్నవి. మొదటిది మార్కు 15:21. పొలము నుండి వచ్చుచున్న కురేనీయుడైన సీమోనును సైనికులు బలవంతపెట్టిరి. అచ్చటి గ్రీకు క్రియకు అధికారి ప్రజలచేత చేయించు నిర్బంధపు పని అని అర్థము. దానికి మన డెల్టా కూలీలు ఎరిగిన మాట 'వెట్టి'. సిలువను మొట్టమొదట ప్రభువుతో పంచుకొన్నవాడు వెట్టికి పట్టబడినవాడు. రెండవది హెబ్రీ 13:12-13. ప్రభువు పట్టణద్వారము వెలుపల శ్రమపడెను గనుక మనమును వెలుపలికి వెళ్లవలెనని గ్రంథకర్త హెచ్చరించుచున్నాడు. రామచంద్రపురములో మిస్ ఇసబెల్ హాచ్ కుష్ఠురోగులకు చేసిన సేవ ఈ వచనమునకు సజీవమైన వ్యాఖ్యానమని మేము భావించుచున్నాము. ఊరు వెలివేసిన వారి యొద్దకు వెళ్లుటయే ఆమె నడచిన సిలువ మార్గము.

ముగింపు

కాబట్టి మా అభిప్రాయము ఇది. ఈ ప్రార్థనను మనము నడవవచ్చును. అయితే కొన్ని నియమములతో. స్థలములు లేఖనమునకు లోబడి యుండవలెను. మైకులు, జెండాలు, నాయకుల ఫ్లెక్సీలు వద్దు. ఇతరుల ఆలయముల ముందు నినాదములు అసలే వద్దు. సిలువను ఎత్తిచూపుటకు గాక మోయుటకే పట్టుకొనవలెను. ఆగు చోట్లు ఆసుపత్రి గుమ్మము, కూలీలు పనికై నిలుచు కూడలి, ఊరి వెలుపలి పేట కావలెను. ప్రతి చోట ఒక వాక్యము, కొంత నిశ్శబ్దము, అక్కడివారి కొరకు ఒక ప్రార్థన చాలును.

చరిత్ర మనకు నేర్పునది ఇదే. యెరూషలేము చేరలేని వారు తమ ఊరిలోనే యెరూషలేమును వెదకిరి. మనము మన వీథిలో వెదకవలసినది యెరూషలేము రాళ్లను కాదు, అచ్చట భారము మోయుచున్న వానిని. ఆ భారమునకు మన భుజము నొగ్గనియెడల పదునాలుగు స్థలములు నడచినను మనము ప్రేక్షకులమే.