పేరు ఒక్కటైతేనే వీసా: గల్ఫ్ వెళ్లే వరంగల్ కుటుంబాలు ముందే చూసుకోవాల్సిన కాగితాలు

వీసా ఆగిందంటే ఎంబసీ వాళ్లే ఆపారని చాలామంది అనుకుంటారు. వరంగల్, హన్మకొండ, కాజీపేట నుంచి సౌదీకో దుబాయ్‌కో వెళ్లే కుటుంబాల్లో పని చిక్కుపడేది మాత్రం తరచుగా ఇంట్లో బీరువాలో ఉన్న కాగితాల దగ్గరే. పదో తరగతి మెమోలో ‘ఎండీ’ అని ఉంటుంది. ఆధార్‌లో ‘మహమ్మద్’, నికాహ్‌నామాలో ‘మొహమ్మద్’. మనిషి ఒక్కడే, కాగితాల మీద ముగ్గురు.

ఉర్దూలో ఈ పేరు రాయడానికి ఒకటే పద్ధతి: మీమ్, హే, మీమ్, దాల్. ఇంగ్లిషు అక్షరాల్లోకి వచ్చేసరికి ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. మన బళ్లలో హాజరు పట్టీ రాసేటప్పుడు మహమ్మద్‌ను ‘ఎండీ’ అనీ, షేక్‌ను ‘ఎస్‌కే’ అనీ, సయ్యద్‌ను ‘ఎస్‌డీ’ అనీ కుదించడం పాత అలవాటు. ఆ కుదింపే టెన్త్ మెమోలోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి వస్తుంది. ఆడవాళ్ల పేర్లలో ఇంకో తిరకాసు. పెళ్లికి ముందు ‘సుల్తానా’, పెళ్లయ్యాక రేషన్ కార్డులో ‘బేగం’, ఓటరు కార్డులో ‘బీ’. ఇంటి దగ్గర దీన్ని ఎవరూ అడగరు. వీసా ఆఫీసులో అదే మొదటి ప్రశ్న.

పాస్‌పోర్టులో రెండు గళ్లు

మన పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు గళ్లు ఉంటాయి. చాలామంది సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరును రెండో గడిలో రాస్తారు. కొందరి పాస్‌పోర్టులో మొత్తం కలిపి ఒక్క మాటే ఉంటుంది. యూఏఈ 2022 నవంబరు 21 నుంచి ఇలా ఒక్క మాట పేరు ఉన్నవాళ్లను విజిట్, టూరిస్టు వీసాల మీద రానివ్వబోమని చెప్పింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని ఆ తర్వాత కొద్ది రోజులకే వివరణ ఇచ్చింది. అక్కడ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు ఈ నిబంధన వర్తించదు. కొడుకు దగ్గరికి నెల రోజులు వెళ్లి వద్దామనుకునే అమ్మీ, అబ్బాల పాస్‌పోర్టులను టికెట్ కొనకముందే తెరిచి చూడాలి. పాత తరం పాస్‌పోర్టుల్లో ఒక్క మాట పేర్లు ఎక్కువ.

పేరు సరిచేయాలంటే పాత పుస్తకం మీద దిద్దడం ఉండదు, రీఇష్యూకే వెళ్లాలి. 36 పేజీల పాస్‌పోర్టుకు ఫీజు రూ.1,500, తత్కాల్‌లో అయితే మరో రూ.2,000. వరంగల్‌లో 2017లో పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం వచ్చింది కాబట్టి ఈ పనికి హైదరాబాద్ దాకా పోవాల్సిన అవసరం తగ్గింది. ఒకటి రెండు అక్షరాల తేడా అయితే సరైన స్పెల్లింగ్ ఉన్న ఆధారాలు చూపిస్తే సరిపోవచ్చు. పేరే పూర్తిగా మారుతుంటే ప్రమాణపత్రం, రెండు దినపత్రికల్లో ప్రకటన అడుగుతారు. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు సడలించాక పెళ్లయినవాళ్లు మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టి తీరాలన్న పట్టు పోయింది. తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు ఇచ్చినా చాలు.

ఇక్కడ తొందరపడకూడని సంగతి ఒకటుంది. ఏ కాగితం ప్రకారం ఏ కాగితాన్ని మార్చాలి? పాస్‌పోర్టును ఆధార్‌కు సరిపెట్టి, రేపు డిగ్రీ పట్టాకు అది సరిపోక మళ్లీ మార్చుకునేవాళ్లు ఉన్నారు. చదువుకున్నవాళ్లు పదో తరగతి మెమోను మూలంగా పెట్టుకుని, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కులను దానికి సరిపెట్టుకోవడం తేలిక. మెమోలోనే తప్పుంటే ముందు చదివిన బడికే వెళ్లాలి, దరఖాస్తు అక్కడి నుంచే పైకి కదులుతుంది. దానికి నెలలు పట్టొచ్చు.

ఇప్పటికే సౌదీలో ఇఖామా ఉన్నవాళ్లు సెలవు మీద వచ్చి పాస్‌పోర్టులో పేరు మార్చుకుంటే పని అక్కడితో అయిపోదు. కొత్త పాస్‌పోర్టు వివరాలు కఫీల్ ద్వారా జవాజాత్‌లో ఎక్కాలి. ‘నఖల్ మాలూమాత్’ అని అక్కడున్నవాళ్లందరికీ తెలిసిన పనే ఇది. పాత పాస్‌పోర్టును పారేయకుండా రెండూ కలిపి పట్టుకెళ్లాలి.

నికాహ్ రోజే చూసుకోవాల్సింది

భార్యను ఫ్యామిలీ వీసా మీద పిలిపించుకునేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది పెళ్లి కాగితం. ఖాజీ సాబ్ దఫ్తరులోని సియాహా ఉర్దూలో ఉంటుంది. నికాహ్ హడావిడిలో పేర్లు ఎవరో నోటితో చెబుతారు, ఖాజీ సాబ్ రాసుకుంటారు. అమ్మాయి ముద్దుపేరు ఎక్కిన సందర్భాలూ ఉన్నాయి. ఆ రోజు తప్పు ఎవరికీ కనపడదు. రెండు మూడేళ్లకు అల్లుడు సౌదీ నుంచి కాగితాలు పంపమన్నప్పుడు బయటపడుతుంది. అప్పటిదాకా దాచుకున్న డబ్బు, పిల్ల ఎదురుచూపు అన్నీ ఆ ఒక్క పేరు దగ్గర ఆగిపోతాయి.

అందుకే నికాహ్‌కు ముందే అబ్బాయి, అమ్మాయి పాస్‌పోర్టులు, అవి లేకపోతే టెన్త్ మెమోల జిరాక్సులు ఖాజీ సాబ్ చేతిలో పెట్టాలి. ఉర్దూ పక్కనే ఇంగ్లిషు స్పెల్లింగ్ కూడా రాయమని అడగాలి. తండ్రి పేరు, పుట్టిన తేదీ సంతకాలకు ముందే ఒకసారి చదివి చూసుకోవాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. వలీమా వంటల లెక్కకు పెట్టినంత శ్రద్ధ దీనికీ పెడితే చాలు.

ఉర్దూ నికాహ్‌నామా ఒక్కదానితో విదేశీ ఆఫీసుల్లో పని కాదు. సియాహా ఆధారంగా నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు ఇంగ్లిషులో మ్యారేజ్ సర్టిఫికెట్ ఇస్తూ వచ్చింది. ఇది కాక, 2002 నాటి వివాహాల తప్పనిసరి రిజిస్ట్రేషన్ చట్టం ముస్లిం పెళ్లిళ్లకూ వర్తిస్తుంది. ఆ నమోదు కూడా చేయించుకుంటే చేతిలో రెండు ఆధారాలు ఉంటాయి.

పిల్లల విషయంలో బర్త్ సర్టిఫికెట్ చూడాలి. పేరు పెట్టకముందే తీసుకున్న సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉంటుంది. జననం నమోదైన 15 ఏళ్లలోపు పేరు చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లల పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుంది. బడి సర్టిఫికెట్, ఆధార్ పనికిరావు.

ముద్రల వరస

మ్యారేజ్ సర్టిఫికెట్ అయినా డిగ్రీ పట్టా అయినా, ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. ఆ తర్వాతి దారి దేశాన్ని బట్టి మారుతుంది. అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశాలకు విదేశాంగ శాఖ అతికించే స్టిక్కర్ చాలు, ఎంబసీకి పోనక్కర్లేదు. భారత్ 2005 నుంచి ఆ ఒప్పందంలో ఉంది. ఒమన్, బహ్రెయిన్ ఎప్పుడో చేరాయి. సౌదీకి 2022 డిసెంబరు 7 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే సౌదీ కాగితాలకు ఎంబసీ అటెస్టేషన్ పేరుతో ఇప్పటికీ ఎవరైనా వేలు అడిగితే ఎందుకని నిలదీయాలి. యూఏఈ, కువైట్, ఖతార్‌లకు మాత్రం పాత పద్ధతే: విదేశాంగ శాఖ తర్వాత ఆ దేశపు ఎంబసీ, అక్కడికెళ్లాక అక్కడి విదేశాంగ శాఖ.

అపోస్టిల్‌కు ప్రభుత్వం తీసుకునేది కాగితానికి రూ.50. మిగతాదంతా మధ్యలో ఉన్న సేవా కేంద్రాల చార్జీ, ఏజెంటు ఖర్చు. రసీదు అడిగితే ఏది ఎంతో తెలుస్తుంది.

పనికి వెళ్లేవాళ్ల సంగతి వేరు

పదో తరగతి పాసైన రుజువు లేనివాళ్ల పాస్‌పోర్టులో సాధారణంగా ఈసీఆర్ అని అచ్చు ఉంటుంది. ఇలాంటివాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. అది ఈ-మైగ్రేట్ వెబ్‌సైటు ద్వారా వస్తుంది. 2007 తర్వాత ఇచ్చిన పాస్‌పోర్టులో ఏమీ రాసి లేకపోతే ఈసీఆర్ కానట్టే లెక్క. 50 ఏళ్లు దాటినవాళ్లకు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు, విదేశాల్లో మూడేళ్లకు మించి ఉండి వచ్చినవాళ్లకు కూడా మినహాయింపు ఉంది. ఉమ్రాకో, బంధువుల దగ్గరికో వెళ్లే ఈసీఆర్ వాళ్లకు ఈ అనుమతి అక్కర్లేదు. వీసా, రిటర్న్ టికెట్ ఉంటే చాలు.

ఏజెంట్లు వాడుకునే సందు ఇదే. “విజిట్ మీద పో, అక్కడ మార్పిస్తాం” అంటారు. విజిట్ మీద వెళ్లి పనిచేస్తూ దొరికితే జరిమానా, జైలు, డిపోర్టేషన్. ఎమిగ్రేషన్ అనుమతితో పాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు. ఆ బీమాకు రెండేళ్లకు కట్టేది రూ.275, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి వచ్చేది రూ.10 లక్షలు. శవపేటిక కోసం ఎయిర్‌పోర్టులో ఎదురుచూసిన ఇళ్లకు ఈ తేడా ఏంటో తెలుసు.

రిజిస్టరైన ఏజెంటు సర్వీస్ చార్జీగా తీసుకోవాల్సింది గరిష్ఠంగా రూ.30,000, దానిపై జీఎస్టీ. లక్షన్నర, రెండు లక్షలు అడిగేవాడి పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో ఫోన్‌లోనే చూడొచ్చు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లకు ఈ దేశాల్లో పనికి కనీస వయసు 30 ఏళ్లు. ఇంటి పనికి పంపే అధికారం ప్రైవేటు ఏజెంట్లకు లేదు. తెలంగాణలో ఆ పని ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ది.

మెడికల్ పరీక్ష ‘వాఫిద్’ ద్వారా కేటాయించిన సెంటర్‌లోనే చేయించుకోవాలి, పాతవాళ్లు దీన్ని గామ్కా అంటారు. ఖతార్ వర్క్ వీసాకు మాత్రం మెడికల్, వేలిముద్రలు, కాంట్రాక్టు సంతకం అన్నీ హైదరాబాద్‌లోని ఖతార్ వీసా సెంటర్‌లోనే జరుగుతాయి. ఆ కాంట్రాక్టులో జీతం, పని ఏజెంటు చెప్పినవేనా అని చదివించుకుని మరీ సంతకం పెట్టాలి.

నిబంధనలు మధ్యలో మారుతుంటాయి. సౌదీ వర్క్ వీసాకు పోలీస్ క్లియరెన్స్ కావాలని 2022లో అడిగారు, అదే ఏడాది నవంబరు 17న భారతీయులకు అక్కర్లేదన్నారు. పోయిన ఏడు వెళ్లిన బావమరిది చెప్పిన లెక్క ఈ ఏడు పనిచేయకపోవచ్చు. అనుమానం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోన్ చేయొచ్చు. అక్కడికెళ్లాక జీతం ఆపినా, పాస్‌పోర్టు లాక్కున్నా ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఇంటి దగ్గరున్నవాళ్లు పెట్టినా తీసుకుంటారు. దానికి కావాల్సింది పాస్‌పోర్టు నంబరు, కాంట్రాక్టు కాపీ. ప్రయాణానికి ముందే ఈ రెండింటినీ ఫొటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌లో పెట్టి వెళ్లాలి.